సువార్తమ్మ వంతు బియ్యం

పిడికెడు బియ్యం బరువెంతని అడిగితే మీరు నవ్వుతారు. నేను మాత్రం ఆ బరువు ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను. ఇవాళ దించుకుంటాను. మీరు నన్ను ఓదార్చక్కర్లేదు, వింటే చాలు.

మాది కొల్లేటి ఒడ్డున ఊరు. మా చర్చిలో ఒక అలవాటుంది. ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి సంచిలో వేస్తుంది. ఆదివారం ఆ సంచులన్నీ తెచ్చి ఒకే గంగాళంలో కుమ్మరిస్తాం. ఒకరివి సన్నాలు, ఒకరివి కోటా బియ్యం, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకుగానే ఉంటుంది. ఆ అన్నాన్ని మావాళ్ళు చూడగానే గుర్తుపడతారు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడాది పనులు పోయి, చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. పాస్టరమ్మగారు ఆ బియ్యాన్ని అలాంటి ఇళ్ళకు చేర్చాలన్నారు. ఎవరికి వెళుతున్నాయో ఊరికి తెలియకూడదు. మసక చీకటి పడ్డాక కొంగు కింద పెట్టుకుని వెళ్ళి ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. ఎందుకంటే మాది పెట్టే ఇల్లు. అత్తగారి కాలం నుంచీ మాకదే పేరు.

ఆ పెట్టే ఇంట్లో అప్పుడు ఏముందనుకున్నారు? మా ఆయనా చెరువు మీద కాపలా మనిషే. ఆ పనీ పోయింది. పైన పటారం, లోన లొటారం. పాస్టరమ్మగారికి ఒక్క మాట చెబితే నాకూ ఒక వంతు ఇచ్చేవారు. ఎందుకు చెప్పలేకపోయాను? ఆకలికన్నా పేరు పెద్దదా? పరువు కోసం నా కడుపు నేను మాడ్చుకుని ఉంటే అది నా తెలివితక్కువతనంతో పోయేది, కానీ నేను మాడ్చింది ఇంకొకరి కడుపు.

సువార్తమ్మ మా వీధి చివర ఉండేది. భర్త మంచం పట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఒక ఆదివారం నేను అమ్మగారితో అబద్ధం చెప్పాను: సువార్తమ్మ ఇక వద్దందని, వాళ్ళ తమ్ముడు బియ్యం పంపుతున్నాడని. సువార్తమ్మ అభిమానం గల మనిషి కాబట్టి అమ్మగారు నమ్మేశారు. ఆమె వంతు మా ఇంటికొచ్చింది. ఆ వానాకాలమంతా అదే తిన్నాం. నా సిగ్గులేనితనం ఎంతదాకా వెళ్ళిందంటే, రోజూ ఆ బియ్యంలోంచే పిడికెడు తీసి చర్చి సంచిలో వేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోదాముల్లో పనికని ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతున్నామని చెప్పడానికి. భోజనాల వేళ వచ్చిన మనిషిని ఉత్తగా పంపడం మా దగ్గర లేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కంచం పెట్టాను. ఆమె ముద్ద కలుపుతూ కాసేపు కంచంలోకి చూసింది.

“మీకూ ఇబ్బందిగానే ఉందాండీ, వదినగారూ? నాకు తెలీదండి,” అంది మెల్లగా.

“ఏదో గడుస్తుందండి,” అన్నాను.

“నావి ఆపేస్తే, నేనేం తప్పు చేశానో అనుకున్నానండి. మీలాంటోళ్ళకే జరగనప్పుడు ఇంకెంతమందికని సరిపోతాయిలెండి.”

మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. “చాలండి. పిల్లలకి ఉంచండి.”

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. వాళ్ళ పెద్దపిల్ల ఆ ఏడాది బడి మానేసి తల్లి పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఏరింది.

తర్వాత మా ఆయనకు ఏలూరులో రైసుమిల్లులో పని దొరికింది. మా రోజులు బాగుపడ్డాయి. దాచడమెందుకు, హాయిగానే ఉన్నాం. సువార్తమ్మా వాళ్ళూ తిరిగొచ్చారు. పెద్దపిల్ల తనకన్నా చిన్నవాళ్ళతో కూర్చుని మళ్ళీ చదువుకుంది. నా మోకాళ్ళు మొరాయించాక బియ్యం చేరవేసే పని సువార్తమ్మ అందుకుంది. ఆమె చేతిలో ఎవరి వంతూ దారి తప్పదు.

పోయిన వానల్లో మా ఆయనకు జబ్బు చేసింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు గానీ, అప్పుడు పని లేదు, ఇంట్లో గింజ లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. ఒక సాయంత్రం గుమ్మంలో సువార్తమ్మ నిలబడి ఉంది. కొంగు కింద గిన్నె.

“మీరు అడగరని తెలుసండి, వదినగారూ,” అంది.

రెండు చేతులా అందుకున్నాను. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. “కూర్చోండి, తిని వెళ్దురుగాని” అన్న మాటే బయటికొచ్చింది. ఆ బియ్యమే వండాను. సగం మెత్తగా, సగం పలుకుగా. ఈసారి మారు వడ్డిస్తే వద్దనలేదు.

ఆమెకు తెలుసా? తెలిసే తెచ్చిందా, తెలియక తెచ్చిందా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు. క్షమించమని అడగాలన్నా ముందు నా నోట రావాల్సిన మాట ఒకటుంది. సువార్తమ్మ వంతు నేను దొంగిలించి తిన్నాను. ఇదిగో, మీకు చెప్పేశాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. లేచి పిడికెడు తీయాలి.