నీలం మీద నీలం

మా బావ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. షుగర్ వల్ల చూపు తగ్గాక అక్కతో కలిసి కోరుట్లకు వచ్చేశాడు. హాకీ లీగ్‌లో ఒక జట్టంటే ఆయనకు ప్రాణం. వాళ్లది పసుపుపచ్చ జెర్సీ. టీవీ దగ్గరగా కుర్చీ వేసుకుని, నీలం టర్ఫ్ మీద కదిలే ఆ పసుపు రంగును బట్టే ఆటను పోల్చుకునేవాడు.

ఈ ఏడు ఆ జట్టు జెర్సీ మార్చింది. మొదటి మ్యాచ్ ఆయనతో చూద్దామని జగిత్యాల నుంచి వెళ్లాను. అభిమానులు ఫోన్లో రాసినవి చదివి వినిపించాను. ముదురు నీలం దర్జాగా ఉందని ఒకరు, బస్సు సీటు కవరులా ఉందని ఇంకొకరు. బావ పడిపడి నవ్వాడు.

ఆట మొదలైంది. కాసేపటికి ఆయన కుర్చీని ఇంకా ముందుకు జరుపుకున్నాడు.

“మనోళ్లు ఇంక దిగలేదార?”

“దిగిండ్రు బావా. ఆడుతున్నరు.”

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. “నాకు ఎదుటోళ్ల తెల్ల అంగీలే కనబడుతున్నయ్,” అన్నాడు. అక్క నా వైపు చూసింది.

బంతి ఎవరి దగ్గరుందో నేను చెబుతూ పోయాను. సగం ఆట దాకా విని, గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయాడు. మావాళ్లు గోల్ కొట్టగానే పరుగున వెళ్లి చెప్పాను. ఎవరు కొట్టారని అడగలేదు.

“పసుపే మంచిగుండె గదర,” అన్నాడు.

తర్వాతి మ్యాచ్‌కు టీవీ పెట్టమని అనలేదు.