నాగమ్మ అరుగు మీద నేను చంపిన ఈగలు

నా చేతులారా నేను చేసిన ఒక సర్వనాశనం గురించి చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోండి, నవ్వడానికే చెబుతున్నాను. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి వ్యవసాయ శాఖ ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. టేకులపల్లి అవతల, అడవిని ఆనుకుని నాగమ్మ అనే రైతు బీర తోట వేసింది. పెంకుపురుగులు లేత ఆకులను జల్లెడ చేస్తున్నాయి. పురుగుల మందు కొట్టబోతున్న ఆవిణ్ణి ఆపిన మహానుభావుణ్ణి నేనే.

"మందొద్దమ్మా! మా దగ్గర ఒక ఈగ ఉంది. దాని పిల్ల ఈ పురుగు ఒంట్లో దూరి లోపల్నుంచి తినేస్తది."

"అవ్ సారూ? నిజంగనే?"

"వారం ఆగు, తెస్తా."

పాపం, ఆగింది. వారం తర్వాత నేను ఈగల డబ్బాతో పెళ్లికొడుకులా దిగేసరికి సగం తీగలకు ఈనెలే మిగిలాయి.

"ఎండ తగ్గినంక వదులుదాం," అన్నాను.

"అయితే జెర అన్నం తినుండ్రి," అని నాగమ్మ అరుగు మీద పీట వేసింది. ఈగలకు గాలాడాలి కదా అని డబ్బా మూతికి కట్టిన గుడ్డ కాస్త వదులు చేసి పక్కనే పెట్టుకున్నాను. నా తెలివి అలాంటిది మరి.

రెండో ముద్దకే ఈగలు ముసిరాయి. గోడకు దోమల బ్యాటు కనిపించింది. ఇక చూడండి నా వీరత్వం! కుడిచేత్తో పప్పన్నం, ఎడమచేత్తో టప్, టప్!

"ఇన్ని ఈగలేందమ్మా? రోగాలొస్తయి!" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

చారు గిన్నెతో వచ్చిన నాగమ్మ డబ్బాను చూసింది, నేలను చూసింది.

"సారూ, మీరు తెచ్చిన ఈగలు ఎట్లుంటయి?"

"ఇంట్ల ఈగల్లాగే, కొంచెం బొద్దుగా..."

అంటూ డబ్బా వైపు తిరిగాను. గుడ్డ జారిపోయి ఉంది. డబ్బా ఖాళీ.

తిట్టినా బాగుండేది. "మీ మాట మీద మందు కొట్టకపోతి సారూ," అంది మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను. చీకటి పడేదాకా ఆకు ఆకూ వెతికి పురుగుల్ని చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేశాను.

"వచ్చే వారం ఇంకో డబ్బా తెస్తానమ్మా," అన్నాను, బండి ఎక్కుతూ తల ఎత్తకుండా.

"తేండ్రి సారూ. గీసారి ఇంటికాడ తినే రాండ్రి."

ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పేరూ ఊరూ, వచ్చిన పనీ అడిగి తెలుసుకోకుండా ఈ జన్మలో ఏ ఈగ మీదా చెయ్యెత్తను.