మనిషిని మింగిన బండి

మా వదిన బేరానికి దిగిందంటే అమ్మేవాడి ముఖం మాడిపోవాలి. లేకపోతే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. వదిన అంటే మా ఆయన అక్క. మరిపెడ చుట్టుపక్కల ఎవరు బర్రెను కొనాలన్నా ఆమెను వెంట తీసుకుపోతారు. ఆమె బర్రె పళ్ళు చూడదు, పొదుగు చూడదు. చుట్టూ ఒకసారి తిరిగి, ఒంటి మీద ఎక్కడో ఒక సుడి వెతికి, దాని మీద వేలు పెట్టి, "ఈ సుడి ఇంటి పెద్దకు మంచిది కాదు" అంటుంది. అంగడిలో పదిమందికీ వినపడేలా అంటుంది. ఇక ఆ బర్రెను ఇంకొకడు ముట్టుకోడు. ధర కాళ్ళ దగ్గరికి వస్తుంది. బర్రె ఇంటికి చేరాక ఆ సుడి సంగతి ఆమె మళ్ళీ ఎత్తదు.

మా ఆయన ఏళ్ళ తరబడి ఒకాయన దగ్గర బడి వ్యాను నడిపాడు. ఆ ఓనరు పిల్లల ముందే "అరేయ్" అని పిలిచేవాడు. టైరు పగిలితే జీతంలో కోసేవాడు. ఒకరోజు అందరి ముందు ఏదో అన్నాడు, ఏమన్నాడో మా ఆయన నాకు ఇప్పటికీ చెప్పలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. నా గాజులు అమ్మి, చిట్టీ ఎత్తి, సొంతంగా ఒక చిన్న వ్యాను కొందామనుకున్నాం. కొత్తది మా తాహతుకు మించింది. సెకండ్ హ్యాండ్ బండే చూడాలి. బడులు తెరిచేలోపు బండి తెస్తే పిల్లల్ని నీతోనే పంపుతామని చుట్టుపక్కల ఊళ్ళ తల్లిదండ్రులు మా ఆయనకు మాటిచ్చారు. బండి కుదరకపోతే మళ్ళీ పోయి ఆ ఓనరు గుమ్మంలోనే నిలబడాలి. మా ఆయన ఆ మాట పైకి అనలేదు కానీ నిద్రలో పళ్ళు కొరికేవాడు.

మొదట జనగామ పోయాం. రోడ్డు పక్కన పాత బండ్ల యార్డులో తెల్లగా మెరిసిపోతున్న వ్యాను ఒకటి చూపించారు. మా ఆయన వంగి తలుపు కింద వేలితో కొట్టుకుంటూ పోయాడు. కొంత దూరం ఇనుము మోగింది, ఆ తర్వాత మోగలేదు. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొట్టారు. కాలి కింద పరిచిన మ్యాటు లేపితే రోడ్డు కనిపించింది. "గాలి మంచిగ ఆడుతది గదా" అన్నాడు యార్డువాడు. వాడికి సిగ్గు లేదు, మాకు సమయం లేదు. అక్కణ్ణుంచి వచ్చేశాం.

మహబూబాబాద్‌లో రిటైరైన ఒక సారు బండి చూశాం. సారు దానికి గుడ్డ కప్పి, అగరుబత్తి వెలిగించి, కూతుర్ని సాకినట్టు సాకాడు. నడిపింది మాత్రం తక్కువ. బండి బాగుంది. ధర అంతకంటే ఘనంగా ఉంది. మా వదిన ముఖం చిట్లించి, "ఇంత కాలం ఊకెనే ఉన్న బండి, లోపల ఏం పురుగు పట్టిందో" అంది. సారు చెప్పులేసుకుని మమ్మల్ని గేటు దాకా సాగనంపి గడియ పెట్టుకున్నాడు. బేరంలో ఓడిపోవడం మా వదినకు అలవాటు లేదు.

కాటారంలో ఒక బండి ఉందని మా ఆయనకు తెలిసిన డ్రైవరు చెప్పాడు. భూపాలపల్లిలో బస్సు మారి పోయాం. రోడ్డు వారగా ఇల్లు, ఇంటి పక్కన పరదా కింద వ్యాను. బయటికి వచ్చింది ఒక పడుచు. ముఖాన బొట్టు లేదు. అరుగు మీద వాళ్ళత్త కూర్చుని పొగాకు నలుపుతోంది. మా ఆయన బానెట్ లేపాడు, స్టార్ట్ చేశాడు, పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు, ఊరి చివరిదాకా నడిపి వచ్చాడు. వచ్చేసరికి అతని ముఖం వెలిగిపోతోంది. బేరానికి పోయినప్పుడు ముఖం అలా పెట్టకూడదని మా వదిన ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఎక్కదు. ఆమె తమ్ముణ్ణి పక్కకు నెట్టి తాను ముందుకొచ్చింది.

"బండి ఎవరి పేరు మీదున్నది బిడ్డా?"

"మా ఆయన పేరు మీద."

"ఏడున్నడు?"

"లేడు. సచ్చిపోయిండు. కామెర్లయినయ్. పసరు మందు తాగిండు, తగ్గలె. వరంగల్ దవాఖానకు తీస్కపోయినం."

"ఏ బండిల తీస్కపోయిన్రు?"

"గీ బండిలనే."

"మల్ల తెచ్చింది?"

"గిండ్లనే" అంది.

మా వదిన అప్పటిదాకా బండి మీద ఆనించిన చేతిని నిప్పు అంటుకున్నట్టు తీసేసుకుంది. కొంగుకు తుడుచుకుంది. "పానంతోని ఎక్కినోడు పీనుగై దిగిండన్నట్టు. ఇది మనిషిని మింగిన బండి. దీన్నెవడు కొంటడు? ఇనుప సామాన్లోనికి కిలోల లెక్క అమ్ముకోవాలె" అంది.

అరుగు మీద ముసలామె పొగాకు నలపడం ఆపి తలెత్తింది. బండిని చూసింది. చాలాసేపు చూసింది. ఆ పడుచు మాత్రం మా వదినను చూడలేదు, బండినీ చూడలేదు, వాళ్ళత్తనే చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "మీ ఇష్టమొచ్చినంత ఇయ్యున్రి. తీస్కపోన్రి" అంది. చెప్పిన ధరలో సగానికి వచ్చింది బండి. ఇంకా తగ్గించేదాన్ని, నీ మొగుడి పళ్ళు కనపడుతున్నాయని ఊరుకున్నానంది మా వదిన నాతో. నాకు ఆ రోజు సంతోషంగానే ఉంది. పరాయి ఇంటి దుఃఖం పక్కన మన ఇంటి లాభం ఉన్నప్పుడు కళ్ళు లాభం వైపే పోతాయి.

గొప్ప పని చేసినవాళ్ళు నోరు మూసుకుని ఉండలేరు. మా వదిన పిండిగిర్ని దగ్గర చెప్పింది. నీళ్ళ ప్లాంటు దగ్గర చెప్పింది. గాజుల దుకాణంలో కూర్చుని, చేతులు తిప్పుతూ, కొంగుకు చెయ్యి తుడుచుకున్న వైనంతో సహా చెప్పింది. "మనిషిని మింగిన బండి అంటి. దెబ్బకు సగం దిగింది" అంది. విన్న ప్రతివాళ్ళూ నవ్వారు, ఆమె తెలివిని మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఇళ్ళకు పోయి తమ పిల్లల్ని చూసుకున్నారు.

బడి తెరిచే ముందు రోజు సాయంత్రం ఒక తల్లి వచ్చింది. "బండి మంచిదే అక్కా. మాకు ఒక్కడే పోరడు" అంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు రానే లేదు, పాత ఓనరు వ్యానులోకి పిల్లల్ని ఎక్కించి మా ఇంటి ముందు నుంచే పంపారు. మా ఆయన హనుమంతుడి గుడి దగ్గర బండికి పూజ చేయించాడు, నిమ్మకాయలు తొక్కించాడు, గుమ్మడికాయ పగలగొట్టాడు. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది. ఏమీ లేకపోతే ఇంత పూజ ఎందుకు చేస్తాడన్నారు. పిల్లలు మా బండిని చూసి "మింగే బండి వచ్చె" అని అరుస్తూ పరుగెత్తేవాళ్ళు. ఆయన రోజూ పొద్దున్నే బండి కడిగి, తుడిచి, సీట్లో కూర్చుని, మళ్ళీ దిగి ఇంట్లోకి వచ్చేవాడు. అన్నం ముందు పెడితే కలిపి వదిలేసేవాడు. అక్కను మాత్రం ఒక్క మాట అనలేదు. నేను అన్నాను. "నీ నోరే మమ్మల్ని మింగింది వదినా" అన్నాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "అన్నది నేనే. తీసేసేది సుత నేనే. ఆ పిల్లను తోలుకొచ్చి, మొగడు దవాఖానల సచ్చిండు, బండిల కాదని నలుగురి ముందల చెప్పిపిద్దాం" అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆ బండిలోనే కాటారం పోయాం. ఆ పడుచు మమ్మల్ని గుర్తుపట్టి లోపలికి రమ్మంది. మా వదిన అరుగు మీద ముసలామె పక్కన చతికిలబడింది. నేను ఆ పిల్ల వెంట పెరట్లోకి పోయి, చేతులు పట్టుకుని సంగతంతా చెప్పాను. ఒక్కరోజు వచ్చి ఒక్క మాట చెబితే మా బతుకు నిలబడుతుందన్నాను.

ఆమె చెంబు కడుగుతూ విన్నది. "నేను రాలేనక్కా" అంది.

"ఎందుకు రాలేవు చెల్లె? ఉన్నదే గదా చెప్పుమంటున్న."

"బండి కాదంటే మల్ల నేనే అయిత."

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. మొగుడి దినాలు అయిన రోజు నుంచి వాళ్ళత్త ఆమెను మొగుణ్ణి మింగినదానా అని తప్ప వేరే పేరుతో పిలవలేదు. పొద్దున్నే ఎదురు రానిచ్చేది కాదు. ఆమె వండింది తినేది కాదు, తానే ఒక మూల ఇంత ఉడకేసుకునేది. "మీ వదిన ఆ మాట బండినన్న దినం మాపటీలి మా అత్త నా చేత్తోని అన్నం పెట్టిచ్చుకున్నది. అందుకే ఇచ్చినక్కా బండి. ఇంకా ఎక్కువొస్తదని నాకు తెల్వదా?"

జాలి కలగలేదంటే అబద్ధం. కానీ జాలి కంటే ముందు కోపం వచ్చింది. నీ అత్త నీ చేతి ముద్ద తినడం కోసం నా మొగుడు ముద్ద మానుకోవాలా అనిపించింది. ఇద్దరం ఆ బండి మీదే బతకాలి. ఆమెకు అది చెడ్డదై ఉండాలి, నాకు మంచిదై ఉండాలి. రెండూ కుదరవు.

అప్పుడే అరుగు మీది మాటలు వినపడ్డాయి.

"బండి ఎట్ల నడుస్తంది బిడ్డా?" అని ముసలామె అడుగుతోంది.

"ముత్యం లెక్క నడుస్తంది అవ్వా. ఒక్కనాడు మొరాయించలె. మా తమ్మునికి పడిశం సుత పట్టలె" అంది మా వదిన.

ఆ పడుచు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "గట్లయితే బండి కాదన్నట్టు" అంది ముసలామె.

"కాదు అవ్వా. గదే మాట మా ఊర్లకొచ్చి చెప్పరాదు?"

నేను అడ్డుపడలేదు. నేను అంత దూరం పోయింది ఆ మాట కోసమే. ముసలామె పొగాకు సంచి నడుముకు దోపుకుని, కోడలి వైపు చూడకుండా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ఆ పూట మా ఊళ్ళో ఆమెను ఇంటింటికీ తిప్పింది మా వదిన. ముసలామె ప్రతి గుమ్మంలో అదే చెప్పింది. "నా కొడుకును బండి మింగలె. మింగింది నా ఇంట్లనే ఉన్నది." విన్న ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు, ముసలామెకు చాయ్ ఇచ్చారు, ఆమె గతికి కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన గుమ్మడికాయలకు పోని అనుమానం కోడలి పేరు చెప్పగానే పోయింది. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కోడలి మీద వేసిన నిందకు రుజువు ఎవరికి కావాలి? ఒక్కడే పోరడున్న తల్లి తనే వచ్చి, రేపటి నుంచి పంపుతానంది.

మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దింపి, ముసలామెను ఇంటికి చేర్చడానికి మళ్ళీ బయల్దేరాం. తిరిగి వచ్చేటప్పుడు బండి ఖాళీగా ఉండటం నచ్చక మా వదిన కూడా ఎక్కింది, దారిలో కిరాయి దొరుకుతుందేమోనని. కాటారం చేరేసరికి ఆ పడుచు గుమ్మంలో బట్టల సంచితో నిలబడి ఉంది. అత్త ఆమెను తప్పించుకుని పక్కగా లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

"మాది కొత్తగూడ. మీరు గా తొవ్వనే పోతరు గదా, దింపున్రి" అంది ఆ పిల్ల.

వెనక సీట్లో ఓ మూలకు కూర్చుంది. దారిపొడుగునా అడవి వైపే చూసింది. నేను రెండుసార్లు మాట్లాడాలని చూశాను. బండి నిజంగానే బాగుంది, ఆ గతుకుల రోడ్డు మీద కూడా ఎక్కడా చప్పుడు చేయలేదు. పుట్టింటి సందు దగ్గర ఆపమంది. దిగి, సంచి కింద పెట్టి, "కిరాయెంత?" అని అడిగింది.

మా ఆయన స్టీరింగ్ వదలకుండా ముందుకే చూస్తున్నాడు. నేను వద్దన్నాను. మా వదిన నా చెయ్యి పక్కకు తోసి, "పెట్రోలు ఊకెనే అస్తదా?" అని ఒక అంకె చెప్పింది. బేరమాడితే తగ్గించవచ్చని ఎక్కువే చెప్పింది.

ఆ పిల్ల బేరమాడలేదు. అడిగినంతా ఆమె చేతిలో పెట్టి సందులోకి పోయింది.