గొర్రు పట్టిన చెయ్యి

మా నాయన నాకు నేర్పిన మొదటి పని గొర్రు పట్టడం. ఆస్పరి దగ్గర మా చేను నిండా రాళ్లే. విత్తేటప్పుడు గొర్రు రాతికి తగిలి ఎద్దులు తూలితే, ఆలోచించకుండా దాన్ని పైకెత్తాలి. లేకపోతే విత్తనం వేసే ఆ గొర్రు పళ్లు విరుగుతాయి. క్షణం ఆలస్యమైతే నా వీపు మోగేది.

హెలికాప్టర్ శిక్షణలో సరిగ్గా దీనికి ఎదురు పని నేర్పారు. గాలిలో ఇంజన్ ఆగితే ఎడమచేతి పక్కనున్న లివర్‌ను వెంటనే కిందికి తోయాలి. అప్పుడే కింది నుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూ ఉంటాయి, క్షేమంగా దిగొచ్చు. సాధన కోసం మా గురువుగారు చెప్పాపెట్టకుండా ఇంజన్ తగ్గించేసేవారు. చాలాసార్లు బాగానే చేశాను. ఆ రోజు మాత్రం చప్పుడు తగ్గి మిషన్ తూలగానే లివర్‌ను పైకి లాగేశాను. చదువుకున్నది తలలోనే ఉండిపోయింది, చెయ్యి మాత్రం చేనుకు పోయింది. ఆయన అందుకునేలోపు నేలను గుద్దుకున్నాం. నాకు గీతలు పడ్డాయి. ఆయనకు నడుము విరిగింది.

విచారణకు ఆయన, తానే ఆలస్యంగా అందుకున్నానని రాసిచ్చారట. నేను నోరు మెదపలేదు. నిజం చెబితే శిక్షణ నుంచి పంపేస్తారని భయం. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సెలవులో ఇంటికొచ్చి నాయనకు మాత్రం చెప్పాను. గొర్రు సంగతి విని నవ్వుతాడనుకున్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"నేను నేర్పిందానికే కదప్పా ఆ సారు మంచాన పడింది! యాడుండాడు? పోదాం పా."

ఆదోనిలో రైలెక్కి గురువుగారు ఉన్న ఆస్పత్రికి వెళ్లాం. ఆయనకు తెలుగు రాదు, మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నాయన భుజం మీది ఎమ్మిగనూరు తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

"తప్పు నాది సారూ. ఎత్తు, ఎత్తు అని కొట్టి కొట్టి నేర్పినా. వానిదేం లేదు" అని, నా వైపు తిరిగి, "సెప్పప్పా" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. లివర్ లాగింది నేనేనని, భయపడి దాచానని, రేపే వెళ్లి ఆ మాట రాసిస్తానని. గురువుగారు చెయ్యి చాచి నాయన చెయ్యి పట్టుకున్నారు.

"అంతా సెప్పినావా?" అన్నాడు నాయన, కళ్లు తుడుచుకుంటూ.

"సెప్పినా నాయనా" అన్నాను.