గోపాలరాజు గారి వల

సూర్యావతికి మొగుడి మీద కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నదంతా చీదరే. గోపాలరాజుకి తెలియనిది లేదు మరి! తమ చెరువులో రొయ్యకి జబ్బు చేస్తే ఆయనే డాక్టరు, మోటారు ఆగితే ఆయనే మెకానిక్కు. డాక్టరు చేతిలో రొయ్యలూ పోయాయి, మెకానిక్కు చేతిలో మోటారూ పోయింది. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఆవిడ దగ్గర ఓ గుప్పెడు కుసుమ గింజలున్నాయి. తుని అవతల మెట్ట చేలో వాళ్ళమ్మ ఏటా పండించి డబ్బాలో దాచిన విత్తనం. అమ్మ పోయింది, చేను అమ్మేశారు. ఇవి కూడా పోతే ఇంకెక్కడా లేవు. వాటిని రొయ్యల చెరువు వెనక మెరక మీద చల్లింది. మొక్కలు ఏపుగా ఎదిగి, ముళ్ళ మధ్య నారింజ రంగు పూలు విచ్చుకున్నాయి. తేనెటీగలు జుమ్మని మూగాయి.

ఓ పొద్దున వెళ్ళి చూస్తే మొక్కలన్నీ రొయ్యపిల్లల సన్నవల కింద ఉన్నాయి.

"చిలకలు తినేస్తాయే పిచ్చిదానా! చెరువు మీద కొంగలకి కట్టడంలేదూ?" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

"ఇన్ని ముళ్ళ మీద ఏ చిలక వాలుతుందండీ? తేనెటీగలే దూరలేవు ఆ వలలో. పువ్వు చూడండి, అన్నీ సన్నటి గొట్టాలు. ఈగ అందులో మూతి పెట్టి, ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని, ఇంకో పువ్వు మీద వాలితే కదా గింజ బాగా నిండేది?"

"ఈగలు పండిస్తాయా పంట? నాకా చెబుతున్నావు వ్యవసాయం!"

ఛీ, ఈయనగారికి చెప్పేకంటే ఆ ముళ్ళకి చెప్పుకోవడం నయం అనుకుంది. వల మీద ఈగలు దారి తెలీక తిరుగుతున్నాయి. రాజు బజారుకి పోగానే కొడవలితో ఓ మూల వల పరపరా కోసేసింది. మొత్తం కోసేసేదే, బైకు చప్పుడు వినబడి ఆగింది.

కోతలయ్యాక పక్క చెరువు ఉదయభాస్కర్ వచ్చాడు. రాజు కుర్చీలో వెనక్కి వాలి అందుకున్నాడు. "ఒక్క చిలక ముట్టలేదండీ! అదీ మన ప్లానింగు."

సూర్యావతి వల కింది గింజలు చేటలో పోసుకుని అక్కడే చెరిగింది. సగానికి పైగా తాలు. అదంతా గాలికి లేచి వెళ్ళి రాజు లుంగీ మీద పడింది. వల కోసిన మూల గింజలు రెండో చేటలో చెరిగితే, తెల్లగా గట్టిగా అలాగే నిలిచాయి.

"అదేంటి రాజుగారూ?" అన్నాడు భాస్కర్.

"విత్తనంలోనే లోపమండి. వాళ్ళ పుట్టింటి సరుకు!"

"రెండూ మా అమ్మ విత్తనమేనండి," అంది సూర్యావతి. "ఇవి ఈగలు చూసుకున్నవి. అవి మీరు చూసుకున్నవి."

నిండు గింజలు అమ్మ డబ్బాలో పోసి మూత బిగించింది. రాజు ఇంకా లుంగీ దులుపుకుంటూనే ఉన్నాడు.