ఏరు అన్న మాట

కోయ భాష నేర్చుకోవాలని నాకు పెద్ద ఆశేమీ లేదు. పాల్వంచలో డిగ్రీ చదువుతున్నాను. కమ్యూనిటీ ప్రాజెక్టు అన్నారు. ఏదో ఒక ఊరికి పోయి, అక్కడివాళ్లకు మనకు తెలిసింది చెప్పి, వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకుని రావాలన్నారు. మార్కుల కోసం తలూపాను. మాది బొగ్గుగని ఇల్లు. నాన్న షిఫ్టు, అన్న షిఫ్టు, వాళ్ల టిఫిన్ డబ్బాల వెనక అమ్మ షిఫ్టు. అడవి అంటే మాకు భద్రాచలం బస్సు కిటికీలోంచి కనబడేదే.

నా పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు కోయ పిల్ల. "మా అవ్వ ఊరికి పోదాం పా" అంది. ములకలపల్లి దాటాక బస్సు దిగి, ఆటో ఎక్కి, చివరికి నడవాలి.

"నీకు భాష వచ్చు గదా, ఇగ మనకు తిప్పలేముంది?" అన్నాను.

మొహం చిన్నబుచ్చుకుంది. "నాకు రాదే. సర్టిఫికెట్ మీదనే కోయ. బళ్లె నవ్వుతరని ఇంట్ల మా నాన్న ఎన్నడు మాట్లాడలే."

ఆ అవ్వ కొడుకే వాళ్ల నాన్న. పాల్వంచలోనే, కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. చిన్నప్పుడు ఆ భాష మాట్లాడినందుకు బడిలో తాను పడ్డ మాటలు పిల్లలు పడొద్దనుకున్నాడు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

మొదటి రోజే నా పరువు పోయింది. ఎండలో నడిచి చేరాం. స్నేహితురాలు సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కింది. అవ్వ నా మొహం చూసి ఏదో అడిగింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే వినబడింది, ఏరు. ఊరి కింద ఏరు ఉంది, దాన్ని దాటే వచ్చాం. కాళ్లు కడుక్కుని రమ్మంటోందనుకుని బుద్ధిగా ఏటికి పోయాను. తిరిగొచ్చేసరికి అవ్వ గడపలో చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. చెంబులో వేలు ముంచి చూపించి "ఏరు" అంది. కోయలో ఏరు అంటే నీళ్లు. దాహమేస్తోందా అని అడిగితే నేను ఏటికి పోయి వచ్చానన్నమాట! అవ్వ కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. సిగ్గేసి ఈ సంగతి స్నేహితురాలికి చెప్పలేదు.

ఆ భాషలో సగం మాటలు తెలుగు వేషం వేసుకుని వచ్చి మోసం చేస్తాయి. నన్న అంటే నేను, నిమ్మ అంటే నువ్వు. లోను అంటే ఇల్లు. లోను బాగు చేయించుకోవాలని అవ్వ అంటే, బ్యాంకులో ఏం ఇబ్బంది వచ్చిందోనని నేను దిగులు పడ్డాను. నా ప్రతి తప్పూ అవ్వకు పండగే. చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి మరీ చెప్పేది.

ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు వచ్చాయి. అయినా సెలవు దొరికితే బస్సెక్కేదాన్ని. స్నేహితురాలు బట్టల దుకాణంలో పనికి కుదిరింది, ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చినప్పుడు చూడాలి ఆ ఇద్దరినీ. అవ్వకు సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు. సొంత మనవరాలితో కూడా ఆ తెలుగే. "తిన్నవా? మంచిదా? పైలంగ పో." అంతటితో సరుకు అయిపోయేది. ఇక మొహాలు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. అవ్వ ఆ పిల్ల గడ్డం పట్టుకుని ఏదేదో అనేది, ఆ పిల్ల "ఏమంటుందే?" అని నా వైపు తిరిగేది. అప్పటికి కాస్త భాష పట్టుబడింది గనక నేను చెప్పేదాన్ని. పరాయిదాన్ని నేను మధ్యలో కూర్చుని మాటలు మోయడం ఏమిటని నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు.

చచ్చిపోయేలోగా దీనితో ఒక్కపూట నోరారా మాట్లాడాలని ఉందని అవ్వ నాతో అంది. ఆ మాట కూడా మోశాను. స్నేహితురాలు తల దించుకుంది. "వానలు పోయినంక వచ్చి నేర్చుకుంటనని చెప్పు" అంది.

వానల్లోనే అవ్వకు జ్వరం పట్టుకుంది. ఏరు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. ట్రాక్టర్‌లో దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. స్నేహితురాలు దగ్గరుంది. నేను బయలుదేరేసరికి గోదావరి పెరిగి బస్సులు ఆపేశారు. నీళ్లు తగ్గి దారి తెరుచుకునేలోపే అవ్వ పోయింది.

దినాలకు పోయాను. వంటపాత్రలు తోముతూ ఇంటి వెనక ఇద్దరమే కూర్చున్నాం. బోరింగు దగ్గర వాళ్ల నాన్న బకెట్లు నింపుతున్నాడు.

"రిపోర్టుల కోసం నాన్న కిందికి పోయిండు, నేనొక్కదాన్నే ఉన్న" అని స్నేహితురాలు మొదలుపెట్టింది. "జరంల ఆ జరంత తెలుగు సుత మర్చిపోయింది. ఏందేందో అన్నది, నాకేం సమజ్ కాలే. ఒక్కటైతే తెలిసింది. ఏరు, ఏరు అన్నది. ఏరు పొంగింది గదా, ఇంటికి ఎట్ల పోవాలెనని రంది పడుతున్నది. ఏరు తగ్గిందవ్వా, రేపు పోదాం అన్న. మల్ల అడిగింది. చెయ్యి పట్టుకొని మల్ల గట్లనే చెప్పిన. ఇగ అడగలే."

బోరింగు చప్పుడు ఆగిపోయింది.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కాస్త నవ్వింది కూడా. "పుట్టిన కాడి నుంచి మా అవ్వ మాట నాకు అర్థమైంది గదొక్కటేనే."

నేను నోరు తెరిచాను. వాళ్ల నాన్న నా వైపే చూస్తున్నాడు. ఆయనకు ఏరు అంటే ఏమిటో తెలుసు. పెదవి కదపకుండా, బతిమాలుతున్నట్టు తల అడ్డంగా ఊపాడు. తరువాత రెండు బకెట్లూ ఎత్తుకుని, నీళ్లు తొణుకుతుంటే పోయాడు. నేను గిన్నె తోముతూ ఉండిపోయాను.

మంచమ్మీద మనిషి నీళ్లడిగితే, పక్కనే ఉన్న సొంత మనవరాలు ఏరు తగ్గిందని చెప్పింది. అంత ప్రేమగా చెప్పింది. అది ఆ పిల్ల తప్పు కాదు. ఎవరి తప్పో తేల్చుకునే ఓపిక నాకు లేదు. ఏడుపు ఒక్కటే వస్తుంది.

సాయంత్రం రోడ్డు దాకా నన్ను సాగనంపడానికి వచ్చింది. ఏరు దాటాం, మడమల లోతు కూడా లేదు.

"నాకు కోయ నేర్పియ్యవే" అంది. "నాన్నను అడిగితే చెప్తలేడు. నిన్నే అడుగుమంటుండు. ఆలస్యమైతే అయింది గని, అవ్వ నీకు చెప్పినట్టే ఒక్కొక్క మాట నాకు చెప్పు. ముందుగాల ఏ మాట చెప్పింది?"

బస్సు ఇంకా రాలేదు. వస్తే బాగుండనిపించింది.

"నిమ్మ" అన్నాను. "నిమ్మ అంటే నువ్వు."

"నిమ్మ, నిమ్మ" అనుకుంటూ ఒక వేలు మడిచింది. "తర్వాతది?"