ఆగి అడిగే కురుమూర్తి

కురుమూర్తి చేత ఏ వస్తువునైనా "చెడిపోయింది" అనిపించడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. పొగలు కక్కుతున్న మిక్సీని ముందు పెట్టినా, కాసేపు ప్రేమగా చూసి, "చెడిపోలే. జర టైం ఇయ్యాలె" అంటాడు.

గద్వాలలో నందిని మేడం నడిపే చిన్న వర్క్‌షాపులో ఆయన ప్రోగ్రాములు రాస్తాడు. అక్కడ తయారయ్యేవి మగ్గాలకు బిగించే పెట్టెలు. చీర డిజైను పెట్టెలో ఉంటుంది. ఏ పోగు లేవాలో, ఏది దిగాలో మగ్గానికి అదే చెబుతుంది. ఆయన పక్క కుర్చీ అనిల్‌ది. సామాన్లు కొని తేవడం, తయారైన పెట్టెలు పరీక్షించడం అతని పని. అనిల్ అయిజ నుంచి తొలి బస్సులో వస్తాడు కానీ, అతనితోపాటు అతని నిద్ర కూడా బస్సు దిగుతుంది.

కురుమూర్తి ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు అనిల్ వాకిట్లోనే ఇరుక్కున్నాడు. ఆ తలుపును ఎత్తి, కుడికి జరిపి, మోకాలితో నెట్టాలట. లోపల ఫ్యానును చీపురుకట్టతో ఒక్క తోపు తోస్తే గానీ తిరగదు. బండి ఎడమకు వంచితేనే స్టార్టవుతుంది కాబట్టి, ఎడమవైపు గోడ ఉన్న చోటే ఆయన దాన్ని ఆపుతాడు. కురుమూర్తి భార్య కిష్టమ్మ వచ్చినవాళ్లందరికీ ఇదే మొర పెట్టుకుంటుంది.

"అన్నిటికి ఈయనే వంగుతడు గని, ఒక్కటి బాగుచేపియ్యడు."

"అది దాని తీరు. మనమే తెల్సుకోవాలె," అంటాడు కురుమూర్తి, చీపురు అందుకుంటూ.

మనుషుల దగ్గరా అంతే. బస్టాండు దగ్గర చాయ్ అమ్మే యేసయ్య చక్కెర దగ్గర ధారాళంగా ఉంటాడు. చెబితే నొచ్చుకుంటాడు. అందుకని కురుమూర్తి ఎప్పుడూ "సగం చక్కెర" అని అడుగుతాడు, అప్పుడు సరిగ్గా సరిపోతుంది. రోజూ పొద్దున అనిల్ బస్సు దిగీ దిగగానే ఆయన అక్కడికే తీసుకుపోయి రెండు చాయ్‌లు చెబుతాడు. జూరాల డ్యాం గేట్ల గురించీ మిరప పంట గురించీ మాట్లాడతాడు గానీ పని మాట ఎత్తడు. తన గ్లాసు వేడిగా ఉందని పక్కన పెడతాడు. కాసేపాగి, చల్లారిపోయింది నువ్వే తాగమని అనిల్‌కు జరుపుతాడు. పెద్దాయనకు చాయ్ పిచ్చి, తాగడం మాత్రం చేతకాదు అనుకునేవాడు అనిల్.

మాఘమాసం పెళ్లిళ్ల ముందు వచ్చింది అసలు గండం. కొత్త పెట్టెలు అయిజ నేతగాళ్లకు చేరాయో లేదో, వాళ్ల సంఘం పెద్ద మల్లేష్ ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చిందంటే పెట్టె లేవడం లేదు, తెరమీద పెన్‌డ్రైవు దొరకలేదని వస్తోంది, పెళ్లి చీరలు మగ్గం మీదే ఆగిపోయాయి. డిజైన్లు దాచడానికి పెట్టెల లోపల బిగించిన ఆ పెన్‌డ్రైవులు కొత్త దుకాణంలో చవగ్గా వస్తున్నాయని, ఒక్కటైనా పరీక్షించకుండా మూటగా తెచ్చింది అనిలే. తన ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాడు.

నందిని మేడం అందరినీ పిలిచి, ఆ పెన్‌డ్రైవులు ఎవరు తెచ్చారని అడిగింది. అనిల్ నోరు తెరిచేలోపే కురుమూర్తి అందుకున్నాడు.

"పెన్‌డ్రైవు మంచిదే మేడం. నా ప్రోగ్రామే తొందరపడ్తుంది. రేపటిదాంక టైం ఇయ్యుండ్రి."

కరెంటు రాగానే అన్నిటికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములను లేపే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది. బూట్‌లోడర్ అంటారు. కురుమూర్తి దాన్ని ముందేసుకుని, పెన్‌డ్రైవుతో అది ఆడే ప్రతి మాటనూ వింటూ కూర్చున్నాడు. చివరికి అనిల్‌ను పిలిచాడు.

"చూడు. లేవంగనే 'రెడీనా' అని అడిగితే ఇది 'రెడీ' అంటది. అని మల్ల పండుకుంటది. పైగ ఒక్కసారే మస్తు అడిగితే బెదిరి బంద్ అయితది."

"అంటే ఖరాబుదే కదన్నా," అన్నాడు అనిల్ నీరసంగా.

"ఖరాబు కాదు. మనం జర ఆగి అడగాలె, కొంచెం కొంచెం అడగాలె."

అంతే రాశాడు. ఈ రకం పెన్‌డ్రైవు కనిపిస్తే కాసేపు ఆగు, అప్పుడు అడుగు, చిన్న ముక్కలుగా అడుగు అని. ఆ ఆగే సేపు తెరమీద "జర ఆగుండ్రి" అని వచ్చేలా పెట్టాడు. మర్నాడు అయిజలో పెట్టెల మూతలు విప్పకుండానే, వైరు తగిలించి కొత్త ప్రోగ్రాము ఎక్కించారు. మల్లేష్ మెయిన్ ఆపి మళ్లీ వేశాడు. "జర ఆగుండ్రి" అంది పెట్టె. అందరూ ఆగారు. మగ్గం కదిలింది. పెట్టె మర్యాద నేర్చిందని మల్లేష్ మురిసిపోయాడు. తిరుగు బస్సులో కురుమూర్తి, ఈసారి ముందు ఒకటి తెచ్చి చూసి తర్వాత మిగతావి కొనమని మెల్లగా చెప్పాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ సాయంత్రం అనిల్ స్వీటు డబ్బాతో ఆయన ఇంటికి పోయి, తలుపును ఎత్తి, కుడికి జరిపి, మోకాలితో నెట్టి లోపలికొచ్చాడు. కిష్టమ్మ అతనికి చాయ్, మొగుడికి మజ్జిగ ఇచ్చింది. అన్నకు చాయ్ ఏదని అడిగాడు అనిల్.

"ఆయన యాడ తాగుతడు. కడుపుల మంటని దవాఖానల ఎన్నడో బంద్ చేపిచ్చిన్రు," అంది కిష్టమ్మ. "నీకోసమే పోతడు యేసయ్య కాడికి. బస్సు దిగంగనే ఏమడిగినా 'అయింది' అంటవంట, చూస్తే కానే కాదంట. రెండు చాయ్‌లు పడ్డంక అడిగితే బంగారమంట."

అనిల్ కురుమూర్తి వైపు చూశాడు. ఆయన చాలా శ్రద్ధగా ఫ్యానును తోస్తున్నాడు. అనిల్‌కు సిగ్గేసింది, ఆ వెంటనే మనసు నిండిపోయింది. తననూ ఖరాబు అనకుండా, ఇన్నాళ్లూ ఆగి అడిగిన మనిషి ఈయన.

మర్నాడు పొద్దున అనిల్ బస్సు దిగుతూనే చురుగ్గా నిలబడ్డాడు.

"అన్నా, ఇయ్యాల చాయ్ వద్దు. సీద ఆఫీసుకే పోదం. పని చెప్పు."

కురుమూర్తి అతని మొహం పరీక్షగా చూశాడు. "నిన్న చెప్పిన వైర్లు తెచ్చినవా?"

"ఆ, అయిందన్నా," అనేశాడు అనిల్. అన్నాక గుర్తొచ్చింది, వైర్లు అయిజలో, మంచం కిందే ఉన్నాయి.

కురుమూర్తి బండిని ఎడమవైపు గోడకు ఆనించి, యేసయ్యకు రెండు వేళ్లు చూపించాడు.

"సగం చక్కెర."